బ్రోషర్‌లో ఉంది, స్టాక్‌యార్డ్‌లో లేదు: ఒక చిన్న కారు కొనుగోలు కేస్ స్టడీ

కొత్త కారు కొనే కుటుంబాలకు ఏ మోడల్, అందులో ఏ వేరియంట్ (ధరను బట్టి ఫీచర్లు మారే రకం) తీసుకోవాలో చెప్పి, డెలివరీ దాకా వెంట ఉండటం నా పని. అంతకుముందు తొమ్మిదేళ్లు షోరూంలో కార్లు అమ్మాను. ఈ కేసు 2023 నవంబర్‌లో మొదలై 2024 ఫిబ్రవరిలో కారు ఇంటికి రావడంతో ముగిసింది. ఇందులో నేను ఒక తప్పు సలహా ఇచ్చాను. దానివల్ల ఆ కుటుంబానికి ఆరు వారాలు వృథా అయ్యాయి. ఆ తప్పు ఎక్కడ జరిగిందో రాస్తే ఇదే పనిలో ఉన్నవాళ్లకూ, సొంతంగా కారు కొనుక్కునేవాళ్లకూ పనికొస్తుందనిపించింది. వాళ్ల అనుమతితోనే రాస్తున్నాను. ఊరు, మోడళ్ల పేర్లు చెప్పడం లేదు. కుటుంబ వివరాలు కొన్ని మార్చాను. ధరలను దగ్గరి వేలకు సర్దాను.

ఎవరు, ఏ రోడ్డు

ఉమ్మడి వరంగల్ జిల్లాలో ఒక పట్టణం. ఆమె జూనియర్ కాలేజీలో లెక్చరర్. కాలేజీకి పోయిరావడానికి రోజుకు 90 కిలోమీటర్ల దాకా అవుతుంది. అందులో ఎక్కువ భాగం డివైడర్ లేని రోడ్డు. భర్త ఉద్యోగం ఊళ్లోనే. తొమ్మిదేళ్ల పాప, ఐదేళ్ల బాబు, వాళ్లతో పాటు అత్తమ్మ. ఇంట్లో ఉన్నది పదేళ్ల నాటి హ్యాచ్‌బ్యాక్. దానికి ఎయిర్‌బ్యాగు ఒక్కటి కూడా లేదు, బ్రేకు గట్టిగా తొక్కితే చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ లేదు. వాళ్లు అది కొన్న రోజుల్లో అవి రెండూ చట్టప్రకారం తప్పనిసరి కావు.

ఆ రోడ్డు గురించి కొంచెం చెప్పాలి. వానాకాలం పంట చేతికొచ్చే నవంబర్‌లో, మళ్లీ యాసంగి వడ్లు వచ్చే ఏప్రిల్, మే నెలల్లో రోడ్డులో సగం కల్లంగా మారిపోతుంది. వడ్లు ఆరబోసి, బండ్లు తొక్కకుండా అంచున రాళ్లు పెడతారు. చీకటి పడ్డాక కుప్ప చేసి నల్ల పట్టా కప్పుతారు. దూరం నుంచి ఆ కుప్ప కనపడదు. రైతుకు ఆరబోసుకునే చోటు లేదు, కారులో వచ్చేవాళ్లకు తప్పుకునే చోటు లేదు.

మొదటిసారి ఫోన్ చేసినప్పుడే ఆమె ఒక సంగతి చెప్పారు. వారం కింద పొద్దుగూకే వేళ, కుప్ప పక్కన ఉన్న రాయిని తప్పించబోయి స్టీరింగ్ గట్టిగా తిప్పారట. చక్రాల కింద వడ్లు. "బండి నా చేతిలోంచి పోయింది అన్నా. ఆగినంక చూస్తే వచ్చిన దిక్కుకే మొఖం పెట్టి ఉంది" అన్నారు. ఎదురుగా ఏ లారీ రాలేదు కాబట్టి దెబ్బలేమీ తగల్లేదు.

ఆ మాట నేను నోట్‌బుక్‌లో రాసుకున్నాను. రాసుకుని కూడా దాని మీద ఆలోచించలేదు. ఈ కేసులో నా తప్పు అక్కడే మొదలైంది.

ఆమె అడిగినది

ఆమె అడిగినది సూటిగా ఉంది: ఆరు ఎయిర్‌బ్యాగులున్న కొత్త కారు, ఆన్‌రోడ్ (పన్ను, ఇన్సూరెన్స్ అన్నీ కలిపి) 11 లక్షల లోపు, నాలుగు మీటర్లకు మించని పొడవు. ఇంటి ముందు పార్కింగ్ చోటు అంతే.

"అయినా అక్టోబర్ నుంచి అన్ని కార్లకీ ఆరు ఉంటాయని పేపర్ల చదివిన కదా, మరి షోరూంలో రెండే అంటున్నరేంది?" అని అడిగారు. ఆ అయోమయం ఆమె ఒక్కరిదే కాదు, ఆ రోజుల్లో నా దగ్గరికి వచ్చిన చాలామంది అదే అన్నారు. ముందు సీట్లలో ఇద్దరికీ ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అన్నది 2021లో కొత్త మోడళ్లకు, 2022 మొదలయ్యేసరికి పాత మోడళ్లకు కూడా వచ్చింది. ఆరు ఎయిర్‌బ్యాగుల ముసాయిదా 2022 జనవరిలో వచ్చింది. మొదట 2022 అక్టోబర్ నుంచి అన్నారు, తర్వాత 2023 అక్టోబర్‌కు జరిపారు. చివరికి 2023 సెప్టెంబర్‌లో, తప్పనిసరి చేయబోవడం లేదని కేంద్ర మంత్రి నితిన్ గడ్కరీ చెప్పారు. ఆమె చదివింది రెండో వార్త, మూడోది చూడలేదు. 2023 అక్టోబర్‌లోనే హ్యుందాయ్ తన కార్లన్నిటికీ ఆరు ఎయిర్‌బ్యాగులు ప్రకటించడంతో చట్టమే వచ్చిందనుకున్నవాళ్లు కూడా ఉన్నారు.

కాబట్టి అప్పటి పరిస్థితి ఇది: ఆరు ఎయిర్‌బ్యాగులు ఇవ్వాలా వద్దా, ఏ వేరియంట్ నుంచి ఇవ్వాలి అన్నది పూర్తిగా కంపెనీ ఇష్టం. కార్లను గుద్దించి పరీక్షించి భద్రతకు స్టార్ రేటింగ్ ఇచ్చే ప్రభుత్వ కార్యక్రమం భారత్ ఎన్‌క్యాప్‌ను ఆగస్టులో ప్రకటించి అక్టోబర్ 1 నుంచి మొదలుపెట్టారు కానీ, నవంబర్ నాటికి ఒక్క కారు ఫలితం కూడా బయటికి రాలేదు. నా చేతిలో ఉన్నవి ఇలాంటి పరీక్షలే చేసే విదేశీ సంస్థ గ్లోబల్ ఎన్‌క్యాప్ పాత ఫలితాలు, కంపెనీల బ్రోషర్లు, అంతే.

సీట్ల కాగితం

ఏ కేసులోనైనా నేను మొదట చేసేది ఐదు గళ్ల కాగితం గీయడం. ఒక్కో గడిలో ఆ సీట్లో మామూలు రోజు ఎవరు కూర్చుంటారు, ఆదివారం ఎవరు కూర్చుంటారు అని రాస్తాను. ఈ కుటుంబానికి మామూలు రోజుల్లో ఆమె డ్రైవింగ్, పక్కన ఇంకో లెక్చరర్, వెనక ఖాళీ. ఆదివారం భర్త డ్రైవింగ్, పక్కన ఆమె, వెనక ఇద్దరు పిల్లల మధ్యలో అత్తమ్మ.

కాగితం చూపించి ఆరు ఎయిర్‌బ్యాగులు ఎక్కడెక్కడ ఉంటాయో చెప్పాను. రెండు ముందు, స్టీరింగ్‌లో ఒకటి, డాష్‌బోర్డులో ఒకటి. ఇంకో రెండు, ముందు సీట్ల పక్క భాగంలో. మిగతా రెండూ పైకప్పు అంచు నుంచి పరదాల్లా దిగి ముందు, వెనక కిటికీలను కప్పుతాయి. అంటే వెనక కూర్చున్నవాళ్లకు పక్క నుంచి గుద్దితే తలకు రక్షణ ఉంటుంది. ఎదురుగా గుద్దితే మాత్రం వెనక సీట్లో ఉన్నవాళ్లను ఆపేది బెల్టు ఒక్కటే.

ఆమె కాసేపు మాట్లాడలేదు. "అంటే అత్తమ్మకు బెల్టు లేకపోతే ఆరు ఉన్నా ఒకటే, రెండు ఉన్నా ఒకటేనా?" అన్నారు. దాదాపు అంతే. పైగా బెల్టు లేని మనిషి ముందు సీటు వెనకభాగాన్ని తన బరువుతో గుద్దితే ముందున్నవాళ్లకు కూడా ప్రమాదమే. కేంద్ర రవాణా శాఖ లెక్కల్లో 2022లో బెల్టు పెట్టుకోక చనిపోయినవాళ్లు 16,715 మంది. అందులో 8,331 మంది డ్రైవర్లు కాదు, ప్రయాణికులు. ఈ అంకె నేను ప్రతి కుటుంబానికీ చెబుతాను. వెనక సీట్లో బెల్టు లేకపోయినా, 14 ఏళ్ల లోపు పిల్లలకు బెల్టో చైల్డ్ సీటో లేకపోయినా 1,000 రూపాయల జరిమానా ఉందని కూడా చెబుతాను. జరిమానా కోసం ఎవరూ పెట్టుకోరు, కానీ ఇది చట్టమని తెలిస్తే పెద్దవాళ్లు కొంచెం వింటారు.

కాగితం చూశాక అవసరాల జాబితాలో కొత్తవి చేరాయి. వెనక మధ్య సీటుకు నడుముకు మాత్రమే కాకుండా భుజం మీదుగా వచ్చే మూడు పాయింట్ల బెల్టు కావాలి. అప్పట్లో చిన్న కార్లలో చాలావాటిలో మధ్య సీటుకు నడుము బెల్టే ఉండేది. బాబు చైల్డ్ సీటును నేరుగా కారుకే బిగించడానికి ఐసోఫిక్స్ కొక్కేలు, సీటు వెనక పై పట్టీ తగిలించే చోటు కావాలి. కారు అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్, అంటే ఈఎస్‌సీ, జాబితాలో ఉంది కానీ నేను దాని పక్కన 'ఉంటే మంచిది' అని రాశాను. వారం కింద రోడ్డు మీద గిరికీ కొట్టిన మనిషి జాబితాలో అలా రాశాను.

ముందున్న దారులు

ఆమెకు మొదటి నుంచీ ఒక హ్యాచ్‌బ్యాక్ మీద మనసు. దాని మధ్య వేరియంట్ ఎక్స్‌షోరూం (పన్ను, ఇన్సూరెన్స్ కలపకముందు) 8.40 లక్షలు, రెండే ఎయిర్‌బ్యాగులు. ఆరు కావాలంటే టాప్ వేరియంట్, 10.20 లక్షలు. ఆ 1.80 లక్షల తేడాలో ఎయిర్‌బ్యాగులు ఒక్కటే కాదు, సన్‌రూఫ్, పెద్ద టచ్‌స్క్రీన్, అలాయ్ వీల్స్, ఫోన్‌తో తాళం తీసే సౌకర్యం కలిసి వస్తాయి. విడిగా ఇవ్వరు. మన దగ్గర భద్రతను ఇలా మూట కట్టి అమ్మడం నాకు షోరూంలో ఉన్నప్పుడూ నచ్చలేదు, ఇప్పుడూ నచ్చదు. పిల్లల తలకు రక్షణ కావాలంటే సన్‌రూఫ్‌కు డబ్బు కట్టాల్సిన అవసరం ఏ కుటుంబానికీ ఉండకూడదు.

తేడా అక్కడితో ఆగదు. తెలంగాణలో అప్పటి లైఫ్ ట్యాక్స్ 5 నుంచి 10 లక్షల లోపు కారుకు 14 శాతం, 10 దాటి 20 లక్షల దాకా 17 శాతం. 8.40 లక్షల కారుకు 1,17,600 కడితే, 10.20 లక్షల కారుకు 1,73,400 కట్టాలి. 10 లక్షలు దాటినందుకు ఇంకో 1 శాతం టీసీఎస్, అంటే అమ్మేవాళ్లే ముందుగా వసూలు చేసే పన్ను. అది ఆదాయపు పన్నులో సర్దుబాటు అవుతుంది, కానీ ఆ రోజు చేతిలోంచి పెట్టాలి. ఇన్సూరెన్స్ కూడా పెరుగుతుంది. మొత్తం లెక్కేస్తే టాప్ వేరియంట్ ఆన్‌రోడ్ 12.50 లక్షల దగ్గరికి వచ్చింది. టాప్ వద్దని నేను చెప్పడానికి కారణం ఇదే. ఈఎంఐ పెంచుకోవడానికి భర్త సిద్ధంగానే ఉన్నారు. కానీ అదనపు డబ్బులో ఎక్కువ భాగం భద్రతకు వెళ్లని చోట అప్పు పెంచమని చెప్పలేను.

ఇంతలో షోరూంవాళ్లు భర్తకు ఇంకో మాట చెప్పారు. మధ్య వేరియంట్ తీసుకుని 38,000 పెట్టి 'సేఫ్టీ ప్యాకేజీ' వేయించుకోండి అని. ఆయనకు నచ్చింది. ఎయిర్‌బ్యాగులు కూడా బయట బిగించుకోవచ్చేమో అని అడిగారు. కుదరదు. ఎయిర్‌బ్యాగు అంటే సంచి ఒక్కటే కాదు. గుద్దుకోగానే సెకనులో వెయ్యో వంతుల లెక్కన గుర్తుపట్టే సెన్సార్లు, ఎప్పుడు పేల్చాలో నిర్ణయించే కంట్రోల్ యూనిట్, దానికి తగ్గట్టు బెల్టును లాగి బిగించే పరికరం, వీటన్నిటికీ తగినట్టు ఆ కారు బాడీనే పరీక్షించి ఉండాలి.

ప్యాకేజీలో ఉన్నవాటిని ఒక్కొక్కటిగా చూశాం. రివర్స్ కెమెరా నిజంగా పనికొస్తుంది, చిన్నపిల్లలున్న ఇంట్లో ఇంకా ఎక్కువ. టైరు గాలి చూపించే క్యాపులు ఉంటే మంచిదే. డాష్‌క్యామ్ జరిగినదానికి సాక్ష్యం మాత్రమే. ముందు బిగించే ఇనుప గార్డు వద్దే వద్దు. ఇలాంటి గార్డుల మీద చర్య తీసుకోవాలని కేంద్రం 2017 డిసెంబర్‌లోనే రాష్ట్రాలకు రాసింది. అది దెబ్బను బంపర్ మీద పడనీయకుండా నేరుగా ఛాసిస్‌కు, అంటే కారు అడుగు చట్రానికి పంపుతుంది, సెన్సార్ల లెక్క తప్పిస్తుంది, ఎదురుగా నడిచి వచ్చే మనిషికి ప్రాణాంతకం. ఇక సీటు కవర్లు. వాటి సంగతి మళ్లీ వస్తుంది.

నేను ఎంచిన దారి, అది ఎందుకు చెడింది

ఆ మోడల్‌లోనే మధ్యకూ టాప్‌కూ నడుమ ఒక 'ఆప్షన్' వేరియంట్ ఉంది. ధర 9.10 లక్షలు. ఆరు ఎయిర్‌బ్యాగులు ఉన్నాయి, సన్‌రూఫ్ లేదు. 10 లక్షల గీత దాటదు. ఆన్‌రోడ్ 10.85 లక్షలు. చూడగానే ఇదే సరైనది అనిపించింది. ఈఎస్‌సీ మాత్రం లేదు, అది టాప్‌లోనే. మధ్య సీటుకు నడుము బెల్టే. ఈ రెండిటినీ నేను సర్దిచెప్పుకున్నాను. ఆమె అడిగింది ఆరు ఎయిర్‌బ్యాగులు, అవి బడ్జెట్‌లో దొరుకుతున్నాయి, ఇంకేం కావాలి అనుకున్నాను. నవంబర్ రెండో వారంలో 11,000 కట్టి బుక్ చేయించాను. నాలుగు వారాలు అన్నారు.

నిజానికి నాకు తెలిసి ఉండాల్సింది. ఆప్షన్ వేరియంట్ బ్రోషర్‌లో ఉంటుంది, డీలర్ కార్లు నిలిపే స్టాక్‌యార్డ్‌లో ఉండదు. ఎందుకో లోపల పనిచేసినవాడిగా చెప్పగలను. డీలర్ కంపెనీకి ముందే డబ్బు కట్టి కార్లు తెచ్చుకుంటాడు. ఆ డబ్బు చాలావరకు బ్యాంకు అప్పు. కారు యార్డులో నిలబడ్డ ప్రతి రోజుకూ వడ్డీ పడుతుంది. అందుకే త్వరగా అమ్ముడయ్యే వేరియంట్లు, రంగులే తెప్పిస్తాడు. ఆప్షన్ వేరియంట్ కావాలని అడిగేవాళ్లు తక్కువ కాబట్టి తెప్పించడు. షోరూంలో చూపించడానికి కారు లేదు కాబట్టి అడిగేవాళ్లూ తక్కువే. ఫ్యాక్టరీ కూడా తక్కువ ఆర్డర్లున్న వేరియంట్‌ను ఎప్పుడో ఒకసారి కలిపి తయారు చేస్తుంది. నేను అమ్మే రోజుల్లో ఎవరైనా అలాంటి వేరియంట్ అడిగితే, వెయిటింగ్ ఎక్కువ అని చెప్పి టాప్ వైపు తిప్పమని మాకు నేర్పేవాళ్లు. టాప్ కొనలేనివాళ్లను కిందికి తిప్పేవాళ్లం. భద్రత కోసం వచ్చిన మనిషి భద్రత లేకుండా వెళ్లిపోయేవారు. ఆ పని నేనూ చేశాను. ఆ బాధ నాకు ఇప్పటికీ ఉంది.

అంత తెలిసీ, నా పాత పరిచయాలతో కంపెనీ నుంచి అలాట్‌మెంట్ (ఆ కారు కేటాయింపు) తెప్పించగలననుకున్నాను.

నాలుగు వారాలు ఆరయ్యాయి. డిసెంబర్ చివర్లో ఆమెకు షోరూం నుంచి ఫోన్ వచ్చింది. ఆ వేరియంట్ ప్రస్తుతం రావడం లేదు, మధ్య వేరియంట్ తెల్ల రంగులో రెడీగా ఉంది, 25,000 తగ్గిస్తాం, జనవరిలో ధరలు పెరుగుతాయి, ఈ వారమే తీసుకోండి అని. ఆమె నాకు చేసినప్పుడు గొంతులో టెన్షన్ తెలుస్తోంది. "రెండు బ్యాగులతోనే తీసుకుందామా అన్నా? పాత కారులో అవి కూడా లేవు కదా" అన్నారు.

ఆమె మాటలో న్యాయం ఉంది. ఆ పాత కారులో ఇంకో నెల తిరగడం కూడా ప్రమాదమే. నేను రెండు రోజుల గడువు అడిగాను. పక్క జిల్లాలో ఇంకో డీలర్ దగ్గర ఆ వేరియంటే ఒకటి ఉందన్నారు. డబ్బు కట్టకముందే ఛాసిస్ నంబర్ తెప్పించి చూస్తే అది మధ్య వేరియంటే. అలాయ్ వీల్స్, టచ్‌స్క్రీన్ బయట బిగించి ఉంచారు. కావాలని దాచారో, నిజంగానే పొరబడ్డారో నాకు తెలియదు. నేరుగా వెళ్లి రంగు చూసి అడ్వాన్స్ ఇచ్చి ఉంటే మాత్రం మునిగేవాళ్లం.

మళ్లీ మొదటి పేజీకి

ఆ రాత్రి నోట్‌బుక్ తీసి మొదటి ఫోన్ కాల్ దగ్గరి నుంచి చదివాను. 'బండి చేతిలోంచి పోయింది.' ఆరు వారాలుగా నేను గుద్దుకున్నాక ఏం జరగాలన్నదాని మీదే పనిచేస్తున్నాను. ఆమెకు జరిగింది వేరు: కారు అదుపు తప్పడం.

ఏబీఎస్ బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చక్రాలు బిగుసుకుపోకుండా చూస్తుంది, అందువల్ల బ్రేకు మీద ఉండగానే స్టీరింగ్ తిప్పవచ్చు. ఈఎస్‌సీ చేసేది ఇంకొకటి. డ్రైవర్ స్టీరింగ్ ఎటు తిప్పారో, కారు నిజంగా ఎటు తిరుగుతోందో పోల్చి చూస్తుంది. రెండూ కలవకపోతే ఏదో ఒక చక్రానికి దానంతట అదే బ్రేకు వేసి, అవసరమైతే ఇంజిన్ జోరు తగ్గించి, కారును దారిలోకి లాగుతుంది. వడ్ల మీద, తడి రోడ్డు మీద, ఎదురుగా బర్రె వచ్చినప్పుడు హఠాత్తుగా స్టీరింగ్ తిప్పితే అవసరమయ్యేది ఇదే. అమెరికాలో 2012 మోడల్ సంవత్సరం నుంచి, ఐరోపాలో 2014 నుంచి కొత్త కార్లన్నిటికీ ఇది తప్పనిసరి. రోజుకు 90 కిలోమీటర్లు ఇలాంటి రోడ్డు మీద నడిపే మనిషికి, ఎయిర్‌బ్యాగులు రెండా ఆరా అనే ప్రశ్న కంటే ఈఎస్‌సీ ఉందా లేదా అన్నది ముందు అడగాలి. నేను దాన్ని 'ఉంటే మంచిది' గడిలో పెట్టాను.

మర్నాడు ఆమెకు ఉన్నది ఉన్నట్టు చెప్పాను. నేను మీ మాట వినలేదు, మీరు అడిగిన వస్తువు పేరు మాత్రమే విన్నాను అని. ఆమె కోపగించుకోలేదు. "మరి ఇప్పుడు ఏం చేద్దాం?" అన్నారు.

పనిచేసిన దారి

ఈసారి ప్రశ్న మార్చాను. మనకు నచ్చిన కారులో భద్రత ఏ వేరియంట్‌లో ఉంది అని చూడటం మానేశాం. ఈఎస్‌సీ, ఆరు ఎయిర్‌బ్యాగులు, మధ్య సీటుకు మూడు పాయింట్ల బెల్టు, ఐసోఫిక్స్, ఈ నాలుగూ కింది వేరియంట్ నుంచే ఇస్తున్న కార్లు ఏవి అని చూశాం. అన్ని వేరియంట్లలో ఉంటే ఇక స్టాక్ సమస్య ఉండదు. యార్డులో ఏ కారు ఉన్నా అందులో అవి ఉన్నట్టే. డీలర్ ఎటు తిప్పినా మనం పోగొట్టుకునేది స్క్రీనో, చక్రాల అందమో తప్ప బెల్టు కాదు.

2023 రెండో సగంలో వచ్చిన కొత్త మోడళ్ల వల్ల అలాంటివి కొన్ని దొరికాయి. నాలుగు మీటర్ల లోపు ఎస్‌యూవీ ఒకటి, కింది నుంచి రెండో వేరియంట్, ఎక్స్‌షోరూం 9.20 లక్షలు, లైఫ్ ట్యాక్స్ 1,28,800, ఆన్‌రోడ్ 10.95 లక్షలు. బడ్జెట్‌లో సరిగ్గా సరిపోయింది. వదులుకున్నవి: ఆమె మనసుపడ్డ హ్యాచ్‌బ్యాక్, అలాయ్ వీల్స్, ఆటోమేటిక్ ఏసీ, ఫ్యాక్టరీ కెమెరా. కెమెరా మాత్రం తర్వాత బయట వేయించాం. భర్తకు హ్యాచ్‌బ్యాక్ మైలేజీ పోయిందన్న అసంతృప్తి ఉంది. అది నిజమే, నేను కాదనలేదు.

పాత బుకింగ్ డబ్బు వెనక్కి రావడానికి మూడు వారాలు, ఏడు ఫోన్లు పట్టింది. అందుకే ఈసారి బుకింగ్ ఫారం మీద వేరియంట్ పూర్తి పేరు, రంగు రాయించి, కింద చేతితో ఒక వాక్యం రాయించాను: ఇదే వేరియంట్ ఇవ్వలేకపోతే పూర్తి మొత్తం తిరిగి ఇస్తాం అని. మేనేజర్ సంతకం, షోరూం ముద్ర. అడిగితే ఇస్తారు. అడగాలని చాలామందికి తెలియదు.

ఐదు వారాల వెయిటింగ్ చెప్పారు. పుష్యమాసంలో కొత్త బండి వద్దని అత్తమ్మ ముందే అన్నారు కాబట్టి ఎవరికీ తొందర లేకపోయింది. మాఘమాసం మొదటి వారంలో డెలివరీ పెట్టుకున్నాం. శుభదినం తరుముకొస్తుంటే డీలర్ ఇచ్చిన కారే తీసుకుని సరిపెట్టుకున్న కుటుంబాలను ఎన్నో చూశాను. ఇక్కడ అత్తమ్మ పట్టింపే మాకు సాయం చేసింది.

ఇన్‌వాయిస్, టీఆర్ (తాత్కాలిక రిజిస్ట్రేషన్) కాకముందే యార్డుకు వెళ్లి కారు చూశాను. టీఆర్ అయ్యాక తప్పు కనపడితే షోరూంవాళ్లు మాట వినడం కష్టం. ఛాసిస్ నంబర్ బుకింగ్‌లోని వేరియంట్‌తో సరిపోయింది. తయారీ నెల 2024 జనవరి. ఇగ్నిషన్ ఆన్ చేస్తే మీటరులో ఎయిర్‌బ్యాగు దీపం, ఈఎస్‌సీ దీపం వెలిగి కొన్ని సెకన్లలో ఆరిపోయాయి. వెలగకపోయినా, ఆరకపోయినా అనుమానించాలి. ముందు సీట్ల పక్కన, కిటికీల పక్క స్తంభాల మీద ఎయిర్‌బ్యాగు గుర్తు ఉంది. వెనక సీటు సందులో చెయ్యి పెట్టి ఐసోఫిక్స్ కొక్కేలు తడిమి చూశాను. మధ్య బెల్టు లాగి కట్టుకుని చూశాను. మధ్య సీటుకు హెడ్‌రెస్ట్ లేదు. బ్రోషర్‌లో ఆ సంగతి నేను గమనించలేదు.

దాంతో సీట్ల కాగితం మళ్లీ గీయాల్సి వచ్చింది. ఒక పక్క బాబు చైల్డ్ సీటు, ఇంకో పక్క పాప బూస్టర్ పెట్టాక మధ్యలో మిగిలిన చోటు సన్నగా ఉంది. మోకాళ్ల నొప్పులున్న అత్తమ్మ అక్కడ ఇరుక్కోలేరు. ఆమెను ముందు సీట్లోకి మార్చి, సీటును బాగా వెనక్కి జరిపి, డాష్‌బోర్డుకూ ఛాతీకీ కనీసం 25 సెంటీమీటర్లు ఉండేలా చూశాం. లెక్చరరమ్మ పిల్లల మధ్యలో కూర్చుంటారు. హెడ్‌రెస్ట్ లేని సీటులో వాళ్లమ్మ కూర్చోవడం నాకు పూర్తిగా నచ్చలేదు. ఐదుగురూ ఒకే చిన్న కారులో వెళ్లాలంటే అంతకంటే మంచి సర్దుబాటు నాకు దొరకలేదు. దూరప్రయాణాలకు నలుగురే వెళ్లమని చెప్పాను.

డెలివరీ రోజు అత్తమ్మ చిన్న వినాయకుడి విగ్రహం తెచ్చారు, డాష్‌బోర్డు మీద అతికించడానికి. సరిగ్గా ఎడమవైపు ఎయిర్‌బ్యాగు మూత మీద. అది తెరుచుకుంటే ఆ విగ్రహం రాయిలా ఎదురుగా ఉన్నవాళ్ల మొహం మీదికి వస్తుంది, ఇప్పుడు ఆ సీటు అత్తమ్మదే. నేను చెప్పడానికి మొహమాటపడ్డాను, కానీ చెప్పాను. ఆమె ఆలోచించి, "మరి దేవుణ్ని ఎక్కడ పెట్టుకోవాలె బిడ్డా?" అన్నారు. ఎయిర్‌బ్యాగులకు దూరంగా, గేర్ ముందున్న చిన్న అరలో పలచటి పటం పెట్టుకున్నాం. దండం అక్కడే పెట్టుకున్నారు.

ఈ కేసు తర్వాత మార్చుకున్నవి

మొదటి ఫోన్‌లో 'ఏ ఫీచర్లు కావాలి' అని నేనిప్పుడు అడగడం లేదు. 'ఈ మధ్య రోడ్డు మీద భయపడ్డ సందర్భం ఒకటి చెప్పండి' అని అడుగుతున్నాను. చెప్పిన సంఘటనను పేపరు మీద పైన రాసి, ప్రతి నిర్ణయం దగ్గరా దాన్ని మళ్లీ చదువుతాను.

ఆప్షన్ వేరియంట్‌ను ఎవరికైనా సూచించాల్సి వస్తే, ఛాసిస్ నంబర్ చేతికి వచ్చేదాకా అది ఉన్నట్టు లెక్కవేయను. రెండు వారాల్లో అలాట్‌మెంట్ రాకపోతే రెండో మోడల్‌కు మారాలని బుకింగ్ రోజే కుటుంబంతో మాట అనుకుంటాం. స్టార్ రేటింగ్ చూపించి అమ్ముతున్నప్పుడు, ఆ రేటింగ్ ఏ వేరియంట్‌కు వర్తిస్తుందో అడుగుతాను.

తర్వాతి రెండేళ్లలో పరిస్థితి చాలా మెరుగుపడింది. 2024 మే నెలలో వచ్చిన కొత్త స్విఫ్ట్ అన్ని వేరియంట్లలో ఆరు ఎయిర్‌బ్యాగులు, ఈఎస్‌సీతో వచ్చింది. 2025లో ఆల్టో కే10, వ్యాగన్‌ఆర్ లాంటి చిన్న కార్లలో కూడా ఆరు బ్యాగులు అన్ని వేరియంట్లకూ ఇచ్చారు. పదేళ్ల కింద ఇది నేను ఊహించలేదు, చాలా సంతోషంగా ఉంది. అయినా ఈఎస్‌సీ, మధ్య బెల్టు, హెడ్‌రెస్ట్ ఏ వేరియంట్ నుంచి ఉన్నాయో మోడల్ మోడల్‌కూ చూసుకోవాల్సిందే. ఎయిర్‌బ్యాగుల సంఖ్య పెద్ద అక్షరాల్లో వేస్తారు, ఇవి చిన్న అక్షరాల్లో ఉంటాయి.

ఆరు నెలల తర్వాత

ఆగస్టులో వాళ్లింటికి వెళ్లాను. కారు డోరు తీయగానే ముందు సీట్లకు దళసరి రెక్సిన్ కవర్లు కనిపించాయి. సీటు పక్కన ఉన్న ఎయిర్‌బ్యాగు గుర్తు కవరు కింద పూర్తిగా దాగిపోయింది. ఆ బ్యాగు సీటు కుట్టు చీల్చుకుని బయటికి రావాలి. కవరు దాన్ని ఆపవచ్చు, లేదా తప్పు దిక్కుకు తిప్పవచ్చు. కంపెనీ కవర్ల ఖరీదు ఎక్కువని భర్త ఊళ్లో షాపులో వేయించారట. సేఫ్టీ ప్యాకేజీలో కవర్ల గురించి నేను ఫోన్‌లో ఆయనకు చెప్పాను కానీ, డెలివరీ తర్వాత ఇంకోసారి గుర్తు చేయలేదు. కాగితం మీద రాసి ఇచ్చి ఉంటే ఇంత జరిగేది కాదు.

ముగ్గురం కలిసి అదే షాపుకు వెళ్లాం. షాపతను అన్ని కార్లకూ ఇలాగే వేస్తున్నానని, ఎవరూ ఏమీ అనలేదని చెప్పాడు. లెక్చరరమ్మ కవరు పైకి లేపి, లోపల సీటు పక్కన కుట్టిన గుర్తు చూపించి, అది ఎటువైపు నుంచి ఎలా వస్తుందో చేత్తో చూపిస్తూ వివరించారు. క్లాసులో పాఠం చెప్పినట్టే చెప్పారు. అతను శ్రద్ధగా విన్నాడు. పక్క భాగం తెరిచి ఉండే కవర్లు తన దగ్గర లేవు, తెప్పించడానికి వారం పడుతుందన్నాడు. అప్పటిదాకా ముందు సీట్ల కవర్లు విప్పేసి డిక్కీలో పెట్టించాం.